పేరు చెరిగిన స్విచ్చులు

పాత స్పోర్ట్స్ కారు డాష్‌బోర్డును చదివే విద్య మన ఆటో ఎలక్ట్రీషియన్ల చేతుల్లో ఉంది. దాన్ని కాగితం మీద పెట్టుకోవాల్సిన సమయమిది.

ఎం.జి.ఏ. అని ఒక కారుంది. 1955లో ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. టాపు లేని రకానికి తలుపుల బయట పిడి కూడా ఉండదు. లోపలికి చెయ్యి పెట్టి తీగ లాగితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇవాళ్టి కార్లకు అలవాటు పడినవాళ్లు అందులో కూర్చుంటే ఏది ఎక్కడుందో అర్థం కాదు. స్టీరింగ్ మధ్యలో నొక్కితే హారన్ మోగదు, దాని బటన్ డాష్‌బోర్డు మీద ఉంది. ఇండికేటర్ కోసం స్టీరింగ్ కింద తడిమితే ఏమీ తగలదు, అదీ డాష్‌బోర్డు మీదే. ఆ ఇండికేటర్ స్విచ్చును పక్కకు తిప్పి వదిలేస్తే, లోపల గాలితో పనిచేసే చిన్న యంత్రం దాన్ని మెల్లగా వెనక్కి తెచ్చి ఆపేస్తుంది. డిప్పర్ ఎడమకాలి దగ్గర నేల మీద ఉంటుంది. తాళం తిప్పితే సెల్ఫ్ పడదు, ఒక నాబ్ పట్టి లాగాలి. ఆ నాబ్‌నూ చోక్ నాబ్‌నూ పక్కపక్కన పెడితే అక్షరం చూసి తప్ప పోల్చుకోలేం. అరవై, డెబ్బై ఏళ్ల వేళ్ల రాపిడికి ఆ అక్షరం కూడా అరిగిపోయి ఉంటుంది.

ఈ కారు మనకు మరీ పరాయిది కాదు. మొదటి ఎం.జి.ఏ.లో పెట్టింది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సీసీ 'బి సిరీస్' ఇంజన్. 1957లో ఉత్తరపారాలో తయారీ మొదలైన మన అంబాసిడర్‌కు రెండేళ్లకు వచ్చి చేరింది కూడా ఆ ఇంజనే. మా నిజామాబాద్ జిల్లా వేల్పూర్‌లో పెళ్లికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్లిన అంబాసిడర్, ఇంగ్లండు రేసు ట్రాకుల మీద ఉరికిన ఎం.జి. ఒకే తల్లి పిల్లలు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయే దాకా మన మెకానిక్‌లు ఆ కుటుంబంతోనే కాలం గడిపారు.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ సంగతీ అంతే. 1962లో వచ్చిన ఆ స్పోర్ట్స్ కారును ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిచేసి, దాని మీద కట్టారు. రెండింటి రూపమూ ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి గీసిందే. ఆ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు 'స్టాండర్డ్ హెరాల్డ్' పేరుతో తయారుచేశారు. మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకు ఒరిగే ఆ బండిని చూసిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

ఇంజన్, ఛాసిస్‌ల కన్నా ముఖ్యమైన చుట్టరికం మరొకటి ఉంది. అది కరెంటు వైర్లది.

లూకాస్ రంగులు

బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ లూకాస్ కంపెనీ బ్రిటిష్ కార్లలో చాలావాటికి డైనమోలు, సెల్ఫులు, స్విచ్చులు, లైట్లు సరఫరా చేసేది. ఎం.జి., ట్రయంఫ్, జాగ్వార్, ఆస్టిన్ హీలీ, ఏది తీసుకున్నా స్విచ్చు వెనక లూకాస్ పేరే కనిపిస్తుంది. 1961లో ఆ కంపెనీ టీవీఎస్‌తో కలిసి మద్రాసు పక్కన పాడిలో లూకాస్-టీవీఎస్ పెట్టింది. ఏ రంగు వైరు ఏ పని చెయ్యాలన్న లూకాస్ పద్ధతి అలా మన బండ్లలోకీ వచ్చింది.

ఆ పద్ధతి తెలిస్తే తెలియని స్విచ్చు సగం తెలిసినట్టే. గోధుమ రంగు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. దానికి ఫ్యూజు ఉండదు కాబట్టి అన్నిటికన్నా ప్రమాదం దానితోనే. తెలుపు, తాళం తిప్పితే బతికే వైరు. పచ్చ కూడా తాళంతో పనిచేసేదే, కాకపోతే ఫ్యూజు దాటి వస్తుంది. వైపర్, బ్రేకు లైటు, ఇండికేటర్, పెట్రోలు ముల్లు దాని మీదే నడుస్తాయి. ఊదా రంగు వైరు తాళం లేకున్నా పనిచేసేది, ఫ్యూజు ఉన్నది; హారన్, లోపలి దీపం దాని మీద. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగ్ లైట్లకూ మీటర్ల దీపాలకూ, నలుపు ఎర్త్‌కు.

ఒక్కో రంగు మీద సన్నటి రెండో గీత కూడా ఉంటుంది. పచ్చ మీద తెలుపు గీతైతే కుడి ఇండికేటర్, పచ్చ మీద ఎరుపైతే ఎడమది, పచ్చ మీద ఊదా అయితే బ్రేకు లైటు. నీలం మీద తెలుపు హై బీమ్, నీలం మీద ఎరుపు డిప్. ఇవన్నీ పుస్తకం తెరవకుండా చెప్పగలిగిన ఆటో ఎలక్ట్రీషియన్లు నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ పరిసరాల్లో ఉన్నారు. వాళ్లకు ఆ విద్యను అంబాసిడర్లు నేర్పాయి, చెరకు బండ్లు పదును పెట్టాయి. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిండుగా నడిచిన కాలంలో, చలికాలం క్రషింగ్ మొదలైతే చెరకు లారీలు, ట్రాక్టర్లు రాత్రిళ్లు రోడ్ల మీదే ఉండేవి. లైటు పోయిన బండిని తెల్లారే దాకా ఆపి కూర్చోబెడితే కుదరదు. టార్చి వెలుగులో వైరు రంగు చూసి చీకట్లోనే బాగుచెయ్యాలి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డా, ఆ చేతివాటం పోలేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో వేల్పూర్ కల్లాల మధ్య తిరిగే ట్రాక్టర్లను బాగుచేసేదీ ఆ చేతులే.

ఒత్తకు బిడ్డా

"కాకా, ఈ బటన్ దేనికి?" అని కుర్రాడు వేలు పెట్టబోతే, మా దిక్కు షెడ్డులో పెద్దాయన నోటి నుంచి వచ్చే మొదటి మాట: "ఆగు బిడ్డ, ఒత్తకు. ముందుగాల బ్యాటరీ వైరు ఇప్పు. ఎనుకకెల్లి సూద్దాం."

ఈ మూడు ముక్కల్లో మొత్తం శాస్త్రం ఉంది.

తెలియని స్విచ్చును నొక్కి చూద్దాం, ఏమవుతుందో తెలుస్తుంది కదా అనుకోవడం సహజం. ఎం.జి.ఏ. లాంటి కారులో అది కుదరదు. అందులో సెల్ఫ్ నాబ్‌కు వెనక ఉన్నది ఇనుప కేబుల్. దాన్ని లాగితే సెల్ఫ్ మోటారు స్విచ్చు నేరుగా కలుస్తుంది, తాళంతో దానికి పని లేదు. గేర్లో ఉన్న బండి, తాళం జేబులో ఉన్నా ముందుకు దూకుతుంది. అందుకే గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద రాయి పెట్టి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పాకే డాష్‌బోర్డు కింద తల పెట్టాలి.

టార్చి, చిన్న అద్దం ముక్క ఉంటే చాలు. స్విచ్చు వెనక కనిపించేది మూడు రకాలు: ఇనుప కేబుల్, రబ్బరు గొట్టం, కరెంటు వైర్లు. కేబుల్ అయితే పని తేలిక, దాన్ని పట్టుకుని ఇంజన్ వైపు పోవాలి. కార్బ్యురేటర్ దగ్గర ఆగితే చోక్. హీటర్ డబ్బా మూత దగ్గర ఆగితే వేడిగాలి నాబ్. బానెట్ గొళ్లెం దగ్గర ఆగితే చెప్పనక్కర్లేదు. రబ్బరు గొట్టాలైతే అద్దం మీద నీళ్లు చిమ్మే చేతి పంపు. ఆ కాలపు చాలా బ్రిటిష్ కార్లలో దానికి మోటారు ఉండేది కాదు, నాబ్‌ను వేలితో కొట్టి కొట్టి నీళ్లు పంపాలి. స్విచ్చనుకుని పట్టుకున్న నాబ్‌లలో ఈ రెండు రకాలూ పోతే మిగిలేవి నిజమైన స్విచ్చులు.

కష్టం ఇక్కడ మొదలవుతుంది, ఆనందం కూడా.

పాత వైర్లకు నూలు అల్లిక ఉంటుంది. దుమ్ము, నూనె, ఇంజన్ వేడి కలిసి అన్నిటినీ ఒకే మట్టిరంగులోకి మారుస్తాయి. పచ్చ ఏదో గోధుమ ఏదో తెలియదు. గుడ్డతో తుడిచినా తేలకపోతే, వైరు చివర బుల్లెట్ కనెక్టర్‌లోకి దూరే చోట రబ్బరు తొడుగును మెల్లగా వెనక్కి జరపాలి. వెలుతురు తగలని ఆ చిన్న జాగాలో రంగు ఇంకా పదిలంగా ఉంటుంది. వైర్ల కట్ట మీద చుట్టిన గుడ్డను ఒక అంగుళం విప్పినా సరే. మట్టిరంగు వైరు మీద ఉన్నట్టుండి ఆకుపచ్చ, దాని మీద సన్నటి ఊదా దారం బయటపడితే, ఇది బ్రేకు లైటుది అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. స్విచ్చు ఒంటి మీద కూడా చూడాలి. లూకాస్ వాళ్లు చాలా భాగాల మీద పార్టు నంబరు, పక్కనే తయారైన నెల, సంవత్సరం అచ్చు వేశారు. '6 62' అని ఉంటే 1962 జూన్. 1958 నాటి కారులో 1962 స్విచ్చు కనిపిస్తే, అది తర్వాత ఎవరో పెట్టింది.

మరో చిక్కు ఉంది. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో. తెగిన వైరు స్థానంలో షాపులో ఏ రంగు దొరికితే ఆ రంగు వేసినవాళ్లే ఎక్కువ. కట్టలోంచి వచ్చేటప్పుడు పచ్చగా ఉన్నది స్విచ్చు దగ్గరికి వచ్చేసరికి ఎర్రగా మారిందంటే మధ్యలో అతుకు ఉందన్నమాట. ఆ అతుకు దాకా పోయి పాత రంగునే నమ్మాలి.

రంగు కూడా సాయం చెయ్యకపోతే టెస్ట్ లాంపు తియ్యాలి. పన్నెండు వోల్టుల బల్బు, హోల్డరు, రెండు వైర్లు. మన షెడ్లలో ఎవరికి వారు చేసుకునే సాధనం. బ్యాటరీ మళ్లీ కలిపి, తాళం తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి స్విచ్చు వెనక వైరు బిగించే ప్రతి కాలికీ ముట్టించాలి. తాళం లేకుండా వెలిగితే గోధుమ లేదా ఊదా కుటుంబం. తాళంతో వెలిగితే తెలుపు లేదా పచ్చ. ఎప్పుడూ వెలగని కాలు, స్విచ్చు నుంచి బయటికి పోయేది. అది ఎక్కడికి పోతుందో తెలియాలంటే బ్యాటరీ నుంచి అయిదు ఆంపియర్ల ఫ్యూజు మీదుగా దానికి కరెంటు ఇచ్చి, ఏది కదిలిందో, ఏది వెలిగిందో చూడాలి. ఫ్యూజు పెట్టకుండా ఈ పని చెయ్యొద్దు. ఎం.జి.ఏ.లో, దాని తర్వాత వచ్చిన తొలి ఎం.జి.బి.ల్లో ఉన్నవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే లేదు. పొరపాటు జరిగితే కాలేది వైర్ల కట్టే.

చేతిలో ఉన్నది ఎల్‌ఈడీ టెస్టర్ అయితే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎం.జి.ఏ., 1967 దాకా వచ్చిన ఎం.జి.బి., మొదటి 3.8 లీటర్ల జాగ్వార్ ఈ-టైప్ పాజిటివ్ ఎర్త్ బండ్లు. అంటే బాడీకి కలిసేది బ్యాటరీ ప్లస్. ఎల్‌ఈడీ అందులో తిరగబడి వెలగదు, స్విచ్చులో కరెంటు లేదనిపిస్తుంది. మామూలు బల్బుకు ఆ బాధ లేదు, ఎటు పెట్టినా వెలుగుతుంది. ఈ ఒక్క కారణానికి ఆ పాత బల్బు టెస్టరే మేలు.

చెవితో పట్టేవి

బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో పేరు లేని స్విచ్చు కనిపిస్తే నా మొదటి అనుమానం ఓవర్‌డ్రైవ్ మీదికే పోతుంది. లేకాక్ డి నార్మన్‌విల్ అనే పరికరం గేర్‌బాక్సు వెనక ఉండేది. స్విచ్చు వేస్తే అదే వేగంలో ఇంజన్ తిరగడం సుమారు ఐదో వంతు తగ్గేది. అయిదో గేరు లేని కాలంలో దూరప్రయాణాలకు అదే దిక్కు. కొనేవాళ్లు కోరుకుంటేనే బిగించేవారు కాబట్టి, అది ఉన్న కార్లూ లేని కార్లూ పక్కపక్కనే తిరిగాయి. వైరు రంగు పసుపు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా, గేరు నాలుగులో పెట్టి స్విచ్చు వేస్తే గేర్‌బాక్సు వైపు నుంచి ఠక్కుమని సొలినాయిడ్ చప్పుడు వినిపిస్తుంది. మొదటి గేరులోనూ రివర్స్‌లోనూ ఆ చప్పుడు రాకూడదు, అక్కడ అడ్డుకునే చిన్న స్విచ్చు గేర్‌బాక్సు మీద ఉంటుంది. ఎవరైనా దాన్ని తప్పించి వైరు కలిపేసి ఉంటే, ఓవర్‌డ్రైవ్ ఆన్‌లో ఉండగా రివర్స్ వేసిన క్షణాన ఆ పరికరం లోపల విరిగిపోతుంది. బాగుచెయ్యడానికి గేర్‌బాక్సు దించాల్సిందే. పేరు తెలియని స్విచ్చుతో ఆడుకోవద్దని పెద్దలు ఎందుకంటారో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

పెట్రోలు పంపు కూడా చెవికే దొరుకుతుంది. ఎస్‌యూ కంపెనీ కరెంటు పంపు తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, కార్బ్యురేటర్ నిండగానే ఆగుతుంది. డాష్‌బోర్డు కింద దాచిన స్విచ్చు వేస్తేగానీ ఆ చప్పుడు రావట్లేదంటే, దొంగల భయంతో ఎవరో పెట్టుకున్న కట్-ఆఫ్ అది. బండి స్టార్ట్ కావట్లేదని ఇంజన్ విప్పబోయే ముందు ఇలాంటి స్విచ్చు ఉందేమో వెతకడం మంచిది.

జాగ్వార్ ఈ-టైప్ సంగతి వేరు. 1961లో జెనీవాలో దాన్ని చూపించినప్పుడు డాష్‌బోర్డు మధ్యలో టాగుల్ స్విచ్చులు ఒకే వరుసలో, అన్నీ ఒకే పోలికతో నిలబడి ఉండేవి. వాటి కింద పేర్ల పట్టీకి రాత్రి వెలుతురు కూడా వచ్చేది. ఆ పట్టీ ఊడిపోయిన బండిలో వైపరేదో ఫ్యానేదో చూపుతో చెప్పలేం. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త భద్రతా ప్రమాణాలు వచ్చాయి. ముందుకు పొడుచుకొచ్చిన టాగుల్స్ ప్రమాదంలో మనిషికి గుచ్చుకుంటాయని వాటి బదులు చదునైన రాకర్ స్విచ్చులు పెట్టారు. కాబట్టి స్విచ్చు ఆకారాన్ని బట్టి కారు వయసు కూడా కొంత పట్టుకోవచ్చు.

జర్మన్ కార్లలో రంగు కన్నా నంబరు ముఖ్యం. స్విచ్చు వెనక కాలి పక్కనే అంకె చెక్కి ఉంటుంది. 30 అంటే బ్యాటరీ, 15 అంటే తాళం, 31 ఎర్త్, 50 సెల్ఫ్, 56 హెడ్‌లైటు, 58 పార్కింగ్ లైటు. ఇవాళ మారుతి రిలే చేతిలో పట్టుకుని 30, 85, 86, 87 అని గడగడా చెప్పే మన కుర్రాళ్లకు పాత పోర్షే స్విచ్చు చదవడం కష్టమేమీ కాదు, ఆ అంకెలన్నీ ఒకే జర్మన్ ప్రమాణంలోవి.

నోటు పుస్తకం ఏది?

ఈ విద్య మన షెడ్లలో కాగితం మీద ఎప్పుడూ లేదు. పానాలు అందిస్తూ పెరిగిన పిల్లవాడు పదేళ్లలో మేస్త్రీ అయ్యేవాడు. 'రంగు చూడు' అన్న మాట అలాగే ఒకరి నుంచి ఒకరికి అందింది. పానాలు అందించే ఆ పిల్లవాడు బడిలో ఉండాల్సిన పిల్లవాడన్నది కూడా నిజం. వేల్పూర్ ఆ నిజాన్ని చాలామంది కన్నా ముందు పట్టించుకుంది. 2001లో, అప్పటి కలెక్టర్ జి. అశోక్ కుమార్ చొరవతో ఊరూరా సర్పంచులు, పెద్దలు కలిసి పిల్లల్ని పనుల నుంచి తప్పించి బడికి పంపారు. దేశంలో తొలి బాలకార్మిక రహిత మండలంగా వేల్పూర్ పేరు తెచ్చుకుంది. ఈ జిల్లా చేసిన గొప్ప పనుల్లో అది ఒకటని నా నమ్మకం.

పిల్లల చేతుల మీదుగా సాగిన ఆ పాత దారి మూసుకున్నాక, కొత్త దారిని మనం వెయ్యలేదు. పెద్ద ఎలక్ట్రీషియన్లు ఒక్కొక్కరూ పని మానేస్తున్నారు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి రకరకాల బండ్ల వైరింగ్ చూసి తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో ఖాళీగా కూర్చున్నారు. జిల్లాలోని ఐటీఐల్లో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలు వాళ్ల దగ్గర ఒక సెలవు కాలం కూర్చుని రాసుకుంటే చాలు: ఏ బండిలో ఏ రంగు, ఏ స్విచ్చు వెనక ఎన్ని కాళ్లు, ఏ వైరు ఏ కన్నంలోంచి ఇంజన్ వైపు దాటుతుంది. ఫోన్లో ఫొటోలు తీసినా సరే. తెలుగులో అలాంటి పుస్తకం ఒక్కటి నా కంటపడలేదు.

దీని అవసరం పెరుగుతోంది కూడా. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి పనికిరాదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు. బండి అసలు రూపం, అంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా ఉండాలన్నది షరతు. అలాంటి బండి డాష్‌బోర్డుకు కొత్త కన్నం కొట్టి చైనా స్విచ్చు బిగించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పాతది ఎందుకుందో తెలుసుకునే ఓపిక లేక చేసే పని అది.

అన్నీ తేలాక కూడా ఒక్కోసారి ఒక స్విచ్చు మిగిలిపోతుంది, వెనక వైరే ఉండదు. అప్పుడు కారు ముందుకు పోయి చూడాలి. బంపర్ దగ్గర రెండు వాడని కన్నాలు, గ్రిల్ వెనక చుట్ట చుట్టి టేపు వేసిన వైరు ముక్క ఉంటే అక్కడ ఎప్పుడో ఫాగ్ లైట్లు ఉండేవని అర్థం. ఎడమ సీటు ముందు చిన్న దీపం గుర్తు ఉంటే, పక్కన కూర్చున్నవాళ్లు రాత్రిళ్లు మ్యాపు చూడటానికి పెట్టిన లైటుది. ఇవేవీ లేకపోతే స్విచ్చును పీకెయ్యొద్దు. చీటీ మీద 'వైరు లేదు, ఎడమ నుంచి నాలుగోది' అని రాసి, తేదీ వేసి, వెనక దారంతో కట్టి, డాష్‌బోర్డు మళ్లీ బిగించెయ్యాలి. తర్వాత విప్పే మేస్త్రీకి అదే మొదటి ఆధారం.